రెండు మూతలు, మూడు పూటలు

రోత పుట్టించేది ఏదైనా కనబడితే మా ఊళ్లో ఎవరూ ‘ఛీ’ అనరు. ‘రెండు మూతలు’ అంటారు. కుళ్లిన గుడ్డు రెండు మూతలు. వారం రోజులు ఉతకని సాక్సు రెండు మూతలు. మరీ భరించలేనిదైతే మూడు మూతలు. దానికి మించింది ఇంకా పుట్టలేదని అందరి నమ్మకం. ఇప్పుడు ఆ మాట చుట్టుపక్కల ఊళ్లకూ పాకింది. ఆ మధ్య రైల్లో నా ఎదుటి సీట్లో కూర్చున్న కాలేజీ పిల్లలు, మా ఊరి పేరు కూడా విని ఉండరు, ఒకరి డబ్బా ఒకరు తెరిచి వాసన చూసి ‘రెండు మూతలు’ అనుకుని పడీ పడీ నవ్వుకున్నారు.

ఎక్కడ పుట్టిందంటే తలా ఒకటి చెబుతారు. వెనకటికి మురుగుకాలవ కంపు ఆపలేక మున్సిపాలిటీ వాళ్లు ఒకదాని మీద ఒకటి రెండు మూతలు వేయించారనీ, మాట అక్కడ పుట్టిందనీ మా వీధి రిటైర్డు మేస్టారు ఢంకా బజాయించి చెబుతారు. పెద్దాయన, నేను కాదనను. కానీ ఆ మాట ఏ కిటికీలోంచి బయటికొచ్చిందో నాకు తెలుసు. కిటికీ వెనక కూర్చున్నది మా అమ్మ.

అమ్మ డిస్పెన్సరీలో కాంపౌండరు. లోపలి గదిలో డాక్టరుగారు చూసి చీటీ రాసిస్తే, బయట కిటికీ దగ్గర అమ్మ మందు కలిపి ఇచ్చేది. ఆ ఏడు వానలు ముందే వచ్చాయి, వాటి వెనకే జ్వరాలూ వచ్చాయి. పొద్దున తలుపు తీసేసరికి గొడుగుల వరస వీధి మలుపు దాకా ఉండేది. ఆ జ్వరానికి మందు ఒకటే, పెద్ద జాడీలో గోధుమరంగు నీళ్లు. సీసాలు ఎవరివి వాళ్లే తెచ్చుకునేవాళ్లు. నూనె సీసా, సిరా సీసా, అత్తరు సీసా, ఏదైనా సరే, దాని మెడకు అమ్మ ఒక అల్యూమినియం మూత దారంతో కట్టి ఇచ్చేది. కొలత తప్పకూడదని అన్నీ ఒకే సైజు మూతలు. సీసా చేతిలో పెట్టి, మనిషి మొహంలోకి చూసి, “రెండు మూతలు, మూడు పూటలు” అనేది. రోజుకు యాభై సార్లు అదే మాట, అదే గొంతు.

ఇక ఆ మందు చేదు సంగతి. నాలిక మీద పడగానే మొహం చెవుల దాకా ముడుచుకుపోయేది. నీళ్లు తాగితే పోదు, పంచదార నమిలితే పోదు. మర్నాడు పళ్లు తోముకుంటుంటే మళ్లీ పలకరించేది.

ఇంట్లో మేం నలుగురం. అమ్మ, నేను, అక్క, అక్క కూతురు. బావ వంతెన పనుల మీద ఊళ్లు తిరుగుతుంటే, అక్క మా దగ్గరే ఉండి బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. కూతురికి నాలుగేళ్లు. కంచంలో ఒక్కో మెతుకూ ఏరుకుని తినేదని దాన్ని పిచ్చుక అనేవాళ్లం. నాకు పంతొమ్మిది. టైపు నేర్చుకుంటున్నాను.

మా ఇంట్లో ఆ మాటను మొదట విన్నది నేనే. ఒకరోజు టైపు క్లాసులో తడిసొచ్చిన అమ్మాయి ఒకతె బూట్లు విప్పింది. పక్క మెషీను దగ్గర కళ్లజోడు అమ్మాయి ముక్కు మూసుకుని, “అమ్మో! రెండు మూతలు!” అంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వేశాక గుర్తొచ్చింది అది ఎవరి మాటో.

ఆ తర్వాత చెవి ఎటు తిప్పినా అదే. మార్కెట్లో చేప మొప్ప ఎత్తి చూసి, “ఇది రెండు మూతలుంది, ఇంకోటి చూపించు” అనేవాళ్లు. మంగలి కత్తెర పట్టుకుని, “ఎన్నాళ్లయింది తలకు నీళ్లు పోసుకుని? రెండు మూతలుంది” అనేవాడు. కొత్త సినిమా ఎలా ఉందంటే, “ఇంటర్వెల్ దాకా ఒక మూత, తర్వాత రెండు” అన్నాడట టికెట్లు చింపేవాడే. స్కూలు మరుగుదొడ్డి తలుపు తీసి ఎవడో కుర్రాడు ‘మూడు మూతలు!’ అని అరిచి పారిపోయాడట. అక్కడితో లెక్క పూర్తయింది. అప్పటిదాకా అందరికీ మందులక్క అయిన మా అమ్మ, నెల తిరక్కుండా మూతలక్క అయిపోయింది. నేను మూతలక్క కూతురిని.

“నీ గురించి బయట ఏమనుకుంటున్నారో తెలుసా?” అన్నాను ఒకరోజు, కోపంగానే.

“తెలుసు,” అంది అమ్మ, బియ్యంలో రాళ్లేరుతూ. “కనీసం కొలతైనా గుర్తుంటోంది. పోయినేడు సగం మంది సీసా ఎత్తి గుటకలేశారు.”

“నాకు తల కొట్టేసినట్టుంది.”

“తల ఉందిగా ఇంకా. ఆ చేట ఇలా అందుకో.”

ఆమెకు నిజంగానే పట్టలేదు. బస్సులో ఆ రోజు దాకా.

ఒక ఆదివారం గొడుగు కొనుక్కుందామని ఇద్దరం బస్సెక్కాం. మధ్యలో ఒకావిడ ఎండుచేపల మూట ఎక్కించింది. బయట వాన, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కండక్టరు గొంతు చించుకున్నాడు. “దించమ్మా, దించు! రెండు మూతలు! కాదు కాదు, మూడు!” బస్సు బస్సంతా నవ్వింది. ముందు నుంచి డ్రైవరు, “మూతలక్కను పిలిపించరా, అందరి ముక్కులకీ తలో మూత పెట్టిపోతుంది!” అన్నాడు. ఇంకా నవ్వు. అమ్మా నవ్వింది. అప్పుడెవరో ఆమెను గుర్తుపట్టి పక్కవాణ్ని పొడిచారు. ఆ పొడుపు సీటు సీటుకూ పాకి, బస్సంతా ఒక్కసారిగా నోరు మూసుకుంది.

“అమ్మగారూ, మిమ్మల్ని చూళ్లేదండీ,” అన్నాడు కండక్టరు నెత్తి గోక్కుంటూ.

“దానికేముంది బాబూ. రెండు టికెట్లివ్వు.”

వాళ్లు నవ్వుతూనే ఉండి ఉంటే ఆమె ఏమీ అనుకునేది కాదేమో. నవ్వు ఆపేశారు, అదీ బాధ. బస్సు దిగాక కొత్త గొడుగు కొని, దాన్ని విప్పకుండానే వానలో ఇంటిదాకా నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం నేను భోజనం డబ్బా తీసుకుని డిస్పెన్సరీకి వెళ్లేసరికి కిటికీ దగ్గర పాలాయన నిలబడి ఉన్నాడు. అతని చేతిలో సీసా ఉంది, నాలుగు రోజుల క్రితం నింపింది నింపినట్టే.

“మింగదమ్మా. పోస్తే నా మొహానే ఉమ్మేస్తోంది. నిన్న సాయంత్రం నుంచి కళ్లు కూడా తెరవట్లేదు పిల్ల,” అన్నాడు. అమ్మ అతన్ని నేరుగా డాక్టరుగారి గదిలోకి పంపించి, కిటికీ తలుపు దగ్గరికి వేసింది.

“అంత ఘోరంగా ఉంటుందటే?” అంది నాతో.

“నువ్వెప్పుడూ తాగలేదా?”

“నాకు జ్వరమొస్తేగా.”

జాడీలోంచి ఒక మూత నింపుకుని తాగింది. ఒక చెయ్యి బల్లమీద ఆన్చి, మెల్లగా స్టూలు మీద కూర్చుంది. పదిహేనేళ్లుగా ఊరందరికీ పోస్తున్నది ఏమిటో ఆ రోజే ఆమెకు తెలిసింది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. “పంచదార పాకం పోస్తే పోయేదానికి...” అన్నాను.

“డాక్టరుగారు రాయలేదు.”

“పంచదార మందా ఏమన్నా, రాయడానికి? పిల్లలు తాగుతారు. పాలాయన కూతురు తాగుతుంది. జనం కూడా ఆ మాట అనడం మానేస్తారు.”

చివరి ముక్క వద్దనుకుంటూనే అన్నాను. అమ్మ నా వైపు చూసి, మళ్లీ జాడీ వైపు చూసింది.

ఆ సాయంత్రం బేకరీకి వెళ్లి నారింజ ఎసెన్సు కొనుక్కొచ్చింది నేనే. చిన్న సీసా, నా సంచిలో పెట్టుకుని తెచ్చాను. అమ్మ పొయ్యి మీద పాకం కాచి, చల్లార్చి, తెల్లారి డిస్పెన్సరీకి పట్టుకెళ్లింది. మందు పాళ్లు అణువంత కూడా తగ్గించలేదు. రుచి ఒక్కటే మార్చింది.

ఊరు మురిసిపోయింది. పాలాయన కూతురు మూడో రోజుకు లేచి కూర్చుంది. అది మాత్రం ఆ తీపి చలవే, ఇప్పటికీ అదే అంటాను. “మావాడు ఇంకో మూత అడుగుతున్నాడమ్మా!” అని తల్లులు కిటికీ దగ్గరకొచ్చి గొప్పగా చెప్పుకునేవాళ్లు. ఆ మాట విని మేమూ నవ్వుకున్నాం. అందులో భయపడవలసింది ఉందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంతకీ జనం ‘రెండు మూతలు’ అనడం మానారా అంటే, లేదు. మందు తీపెక్కినా మాట పాత రుచిలోనే ఉండిపోయింది. అప్పటికది మా చెయ్యి దాటిపోయింది.

రెండో వారంలో పిచ్చుకకు జ్వరం తగిలింది. అది పేచీ లేకుండా మందు తాగి, మూత అడుగు కూడా నాకేది. నాలుగు రోజుల్లో తేరుకుంది. ఇంకో మూడు రోజులు వాడాలని, అమ్మ పొద్దున్నే సీసా మళ్లీ నింపి తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి పనికి వెళ్లింది. అక్క ఫ్యాక్టరీకి వెళ్లింది. నేను అట్టముక్క మీద గీసుకున్న అక్షరాల మీద వేళ్లు ఆడిస్తూ టైపు సాధన చేస్తున్నాను. కళ్లు మూసుకుని కొట్టాలి, అదీ నియమం. ఇల్లు ప్రశాంతంగా ఉంది. పిచ్చుక ఉన్న ఇల్లు అంత ప్రశాంతంగా ఉండకూడదని నాకు తోచలేదు.

కళ్లు తెరిచి చూస్తే అది బల్ల కింద కూర్చుని ఉంది. సీసా ఒళ్లో ఉంది.

“అయిపోయింది, పిన్నీ,” అంది.

ముందు తిట్టబోయాను. ఈలోపు అది రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. “చెవుల్లో ఈగలు. తియ్యవా?”

గొడుగు తీసుకోలేదు, చెప్పులు వేసుకోలేదు. దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తాను. సగం దారిలో నా వీపు మీద కక్కింది. మెడ మీద తల వాలిపోతోంది. డిస్పెన్సరీ ముందు వరసలో వాళ్లు నా మొహం చూసి తప్పుకున్నారు. కిటికీలో అమ్మ ఎవరికో సీసా నింపుతోంది.

“మందు తాగేసింది,” అన్నాను.

“ఎన్ని మూతలు?”

“మూతతో కాదమ్మా. సీసా.”

“సీసాలో ఎంతుంది?”

“పొద్దున్నే కదా నువ్వు నింపుకొచ్చింది.”

అమ్మ చేతిలో ఉన్న సీసాను పడిపోకుండా బల్లమీద నిలబెట్టింది. ఎదుటి మనిషితో, “కాస్త ఉండండి,” అంది. తర్వాత పక్క తలుపు తీసుకుని బయటికొచ్చి, పిల్లను నా భుజం మీంచి అందుకుంది.

డాక్టరుగారు గొట్టం వేసి కడుపు కడిగారు. పిల్ల కాళ్లు నేను పట్టుకున్నాను, అమ్మ గరాటు పట్టుకుంది. ఉప్పునీళ్లు పోస్తుంటే గదంతా నారింజపండు వాసన నిండిపోయింది.

“ఏమిటమ్మా ఈ వాసన?” అన్నారు డాక్టరుగారు.

“తీపి కలిపానండి. రెండు వారాలుగా కలుపుతున్నాను.”

ఆయన “గరాటు ఎత్తి పట్టుకో,” అన్నారు.

అక్క ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పటికి సాయంత్రమైంది. బట్టల నిండా దారప్పోగులు, పరిగెత్తి వచ్చిన ఆయాసం. పిచ్చుక మంచం మీద కళ్లు తెరిచి కప్పువైపు చూస్తోంది. అక్క దాన్ని పిలిచింది. మళ్లీ పిలిచింది. అది తల తిప్పలేదు.

“పలకదేంటి?”

“ప్రాణానికి భయం లేదమ్మా,” అన్నారు డాక్టరుగారు. “మందు చెవుల మీద కొట్టింది. వినికిడి తిరిగొస్తుంది. ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను.”

అక్క అమ్మ వైపు తిరిగింది. “తియ్యటి మందు డాక్టరుగారే కొత్తగా తెప్పించారనుకున్నాను.”

“కాదు. నేను కలిపాను.”

“ఎందుకు?”

పాలాయన కూతురి సంగతి చెప్పొచ్చు. నా సంగతి చెప్పొచ్చు. నేను ఆ మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను.

“జనం నవ్వుతున్నారని,” అంది అమ్మ.

అక్క మంచం మీద కూర్చుని కూతురి అరిచెయ్యి విప్పి, తన అరిచెయ్యి దాని మీద పెట్టుకుంది. నేను నోరు మెదపలేదు. ఆ రోజు నేను చేసిన పనుల్లో అన్నిటికంటే పాడుపని అది.

మర్నాడు పొద్దున అమ్మ మందుల గది తాళంచెవి తీసుకెళ్లి డాక్టరుగారి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని వేలితో వెనక్కి తోశారు.

“ఇది నాకెందుకు? నా చూపుకి నేను కలిపితే సగం జాడీలో పడుతుంది, సగం చొక్కా మీద పడుతుంది. ముందు ఊళ్లో ఉన్న తీపి సీసాలన్నీ వెనక్కి తీసుకురా. తిట్టడం తర్వాత తిడతాను.”

తిట్టారు కూడా, తర్వాత. తలుపు వేసి, పావుగంట.

ఆ రోజూ మర్నాడూ అమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగాం. ఆమె చేతిలో చేదు మందు నింపిన సీసాలు, నా చేతిలో ఖాళీ బుట్ట. చీటీల ప్రకారం మందు ఇంకా మిగిలి ఉండే ఇళ్లు మొత్తం నలభై మూడు. ప్రతి గుమ్మంలోనూ అమ్మ అదే మాట చెప్పింది. “మందులో తీపి కలిపి తప్పు చేశాను. ఆ సీసా ఇచ్చేసి ఇది తీసుకోండి.” చాలామంది పిచ్చుక సంగతి అప్పటికే విన్నారు. మారుమాట్లాడకుండా తెచ్చి ఇచ్చారు. ఆ రెండు రోజులూ మా ఎదుట ఎవరి నోటా ‘మూత’ అన్న మాట కూడా రాలేదు. మూత అడగవలసి వచ్చినవాళ్లు, ‘అది’ అని వేలితో చూపించారు.

కళ్లజోడు అమ్మాయి వాళ్లింట్లో మాత్రం వాళ్లమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “నేనివ్వను. మావాడు మొదటిసారి గోల చేయకుండా తాగుతున్నాడు. మళ్లీ ఆ చేదు తెచ్చి నా నెత్తిన పెడతారా? పై అరలో పెట్టుకుంటాను లెండి.”

“పై అర చాలదండీ,” అంది అమ్మ.

“మీ ఇంట్లో పిల్లను చూసుకునేవాళ్లు లేకపోతే ఊళ్లో అందరికీ శిక్షా?”

అమ్మ తల వంచుకుంది. వానకు తడిసిన చీలమండల వైపు చూస్తూ నిలబడింది.

“చూసుకోవలసింది నేనే,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “ఇంట్లోనే ఉన్నాను. నాలుగడుగుల దూరంలో. అసలు తీపి కలపమని అమ్మ వెంటపడ్డదీ నేనే, ఎసెన్సు కొనుక్కొచ్చిందీ నేనే. నన్ను వెక్కిరిస్తున్నారని.”

అమ్మ తల తిప్పి నా వైపు చూసింది.

తలుపు వెనకనుంచి వింటున్న కళ్లజోడు అమ్మాయి లోపలికి వెళ్లి సీసా తెచ్చింది. అందులో సగమే ఉంది.

“ఇది మొన్న సాయంత్రమేగా తెచ్చింది?” అంది వాళ్లమ్మ. అని, కూతురి వైపు చూసింది. కూతురు తను పోయలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ ఒకేసారి లోపలికి తిరిగి చూశారు. అయిదేళ్లవాడు నేలమీద చక్రాల బండి లాక్కుంటూ ఆడుకుంటున్నాడు.

అమ్మ అడక్కుండానే చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. వాడి వెనక కూర్చుని కుడిచెవి దగ్గర చిటికె వేసింది. వాడు కుడివైపు తిరిగాడు. ఎడమచెవి దగ్గర వేసింది. ఎడమవైపు తిరిగి, “ఏంటి?” అన్నాడు.

“ఏం లేదు నాన్నా. ఆడుకో,” అంది. అని, తల్లితో, “వీణ్ని ఇప్పుడే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లండి. మీరు బయల్దేరేదాకా ఇక్కడే ఉంటాను,” అంది.

ఆవిడ చేదు సీసా అందుకుంది. వాడికేమీ కాలేదని సాయంత్రం కబురొచ్చింది. నలభై మూడు సీసాలూ మా ఇంటి వెనక కాలవలో పారబోశాం. మూడు రోజుల పాటు ఆ కాలవ నారింజపండు వాసన వేసింది.

అయిదో రోజున అక్క పెట్టె సర్దుకుంది. ఫ్యాక్టరీ పక్కన తనతో పనిచేసే ఆవిడ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట. పిచ్చుకను చూసుకోవడానికి ఆవిడ అత్తగారు ఉందట. అమ్మ వద్దనలేదు. పెట్టె తాళం సరిగ్గా పడటం లేదని, మోకాలితో నొక్కి పట్టుకుంది.

వారం తర్వాత నేను ఆ గదికి వెళ్లాను. అక్క కూతురి చొక్కాకి గుండీ కుడుతోంది. పిచ్చుక నన్ను చూసి, “పిన్నొచ్చింది!” అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. తన గొంతు తనకు వినబడదు కదా, ఆ రోజుల్లో ఏం మాట్లాడినా అరుపే.

“అక్కా, తీపి కలపమన్నది నేను,” అన్నాను.

“తెలుసు. నీ సంచి ఇప్పటికీ నారింజ కంపే.”

“మరి అమ్మ మీద కోపమెందుకు?”

అక్క దారం పళ్లతో తెంపింది. “నువ్వు చిన్నదానివి. ఏదో అన్నావు. ఆవిడకు తెలుసు అది మందని.”

పిచ్చుకకు చెయ్యి ఊపి వచ్చేశాను.

అక్కడినుంచి వానల చివరి దాకా ఇంట్లో ఇద్దరమే. నేను టైపు మానేశాను. పొద్దున్నే అమ్మతో డిస్పెన్సరీకి వెళ్లి సీసాల మెడలకు మూతలు కట్టేదాన్ని. తర్వాత తర్వాత పరీక్ష రాసి ఆ పనిలోనే స్థిరపడ్డాను. అప్పుడు మాత్రం నేను అలా ఏమీ అనుకోలేదు. ఒంటరిగా ఇంట్లో కూర్చోలేక వెళ్లాను, అంతే. మందు మళ్లీ పాత చేదుకొచ్చింది. కిటికీ దగ్గర అమ్మ మాటకు ఒక తోక చేరింది. “రెండు మూతలు, మూడు పూటలు, పిల్లలకు అందని చోట.” ఆ మూడో ముక్కను మాత్రం ఎవరూ ఎగతాళికి వాడుకోలేదు. మొదటి ముక్క మాత్రం నాలుగు రోజులు జంకి, మళ్లీ బజార్లో పడింది. ఒకసారి కిటికీ ముందే ఒక పిల్లవాడు ఎవరి తుమ్మో మీద పడితే, “ఛ, రెండు మూతలు!” అన్నాడు. వాళ్ల నాన్న వాడి నోరు నొక్కేశాడు.

“వదిలెయ్యండి. తప్పేమన్నాడు?” అంది అమ్మ. తల ఎత్తకుండానే మందు పోస్తూ అంది.

పిచ్చుకకు కుడిచెవి పూర్తిగా వచ్చింది. ఎడమచెవి ఇప్పటికీ కాస్త తక్కువే. దాన్ని పిలవాలంటే కుడివైపు నుంచి పిలుస్తాం.

వానలు వెనకపట్టు పట్టిన రోజుల్లో, ఒక ఉదయం వరసలో అక్క కనబడింది. పిచ్చుక భుజం మీద ఉంది, మళ్లీ జ్వరంతో, దుప్పటి కప్పుకుని. లోపలికి నేరుగా రావచ్చు. రాలేదు. ముప్ఫై మంది వెనక నిలబడి, అడుగు అడుగే జరుగుతూ వచ్చింది. అమ్మ చూసింది. చూసి కూడా తన ముందున్న మనిషికి మందు పోస్తూనే ఉంది. నేను ఒక మూతకు దారం మూడుసార్లు ముడి వేసి మూడుసార్లూ విప్పాను.

వాళ్ల వంతు వచ్చింది. అక్క కిటికీలోంచి చీటీ అందించింది. అమ్మ చీటీ చదివింది. కొలత గ్లాసు వెలుతురుకెత్తి పట్టుకుని గీత చూసింది. మళ్లీ చూసింది. సీసా నింపి బిరడా పెట్టి ఇచ్చింది. “రెండు మూతలు, మూడు పూటలు...” అని మొదలుపెట్టి, మిగతాది చెప్పలేక ఆగిపోయింది.

అక్క పక్కకు తప్పుకోలేదు. బిరడా లాగి, మూతలో కొంచెం పోసుకుని, తనే తాగింది. మొహమంతా ముడుచుకుపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. వెనక ఎవరో నవ్వారు. మొహం మామూలయ్యేదాకా ఆగి, అక్క కిటికీలోకి వంగింది.

“దీనికి నేనొక్కదాన్నే పట్టించలేను. బయటికి రా.”

అమ్మ చేతులు తుడుచుకుంది. నాతో, “వరస చూడు,” అని పక్క తలుపు తీసుకుని వెళ్లింది. వరండాలో బల్ల మీద కూర్చుని పిచ్చుకను ఒళ్లోకి తీసుకుంది, కుడిచెవి తనవైపు ఉండేలా.

“అమ్మమ్మా, తియ్యది పొయ్యి,” అంది పిచ్చుక.

“తియ్యది లేదమ్మా.”

“ఎందుకు?”

“పారబోసేశాను.”

అది కాసేపు ఆలోచించి, పెదాలు లోపలికి మడిచి నోరు బిగించేసింది. అక్క బల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని దాని ముక్కు పట్టుకుంది. గింజుకుంది. తన్నింది. ఊపిరాడక నోరు తెరిచింది. అమ్మ పోసింది. సగం లోపలికి పోయింది, సగం అమ్మ తెల్లకోటు మీదకి వచ్చింది. పిచ్చుక పెట్టిన కేకకు డాక్టరుగారు గదిలోంచి తల బయటపెట్టి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు.

“లెక్కలోకి రాదు ఇది,” అంది అమ్మ, కోటు చూసుకుంటూ.

“రాదు,” అంది అక్క. మళ్లీ ముక్కు పట్టుకుంది. అమ్మ మళ్లీ పోసింది.